మీటియర్‌కు ఏ హ్యాండిల్ వేయాలి? చింతామణి దాటేసరికి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి

మదనపల్లె మీటియర్ | మారతహళ్లి, బెంగళూరు

అందరికీ నమస్కారం. నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 బండి, కొని రెండున్నరేళ్లయింది. వారమంతా ఆఫీసుకి పోయి రావడం, నెలకు రెండుసార్లు శనివారం తెల్లవారుజామున హొస్కోటె, చింతామణి మీదుగా మా ఊరు మదనపల్లెకి. ఒకవైపు నూట ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ.

చింతామణి చేరేసరికి కుడి చేతి చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కుతున్నాయి. టీకి ఆగితే గ్లాసు వేడి ఆ రెండు వేళ్లకీ తెలియడం లేదు. రెండు రెక్కల మధ్య ఒకటే గుంజుడు. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. నీ చేతులు పొట్టిరా అని చొక్కాలు కుట్టించే రోజుల నుంచీ మా అమ్మ అంటూనే ఉంటుంది.

అందుకే హ్యాండిల్ మార్చేద్దామనుకుంటున్నాను. నా మనసు మినీ ఏప్ హ్యాంగర్, అంటే బాగా పైకి లేచిన హ్యాండిల్ మీద ఉంది, బండి సింహంలా కనిపిస్తుంది. ఒక ఫ్రెండు డ్రాగ్ బార్, అదే చదునుగా ఉండే హ్యాండిల్, వేయమంటాడు. ఇంకొకడు ఏదీ వద్దు, హ్యాండిల్ కింద పెట్టి దాన్ని ఎత్తే రైజర్లు వేస్తే చాలంటాడు. ఈ శనివారం బండి సామాన్లు దొరికే జేసీ రోడ్డుకి పోదామని ఉంది. ఏది కొనమంటారు?

కేఆర్‌పురం కుర్రోడు

మినీ ఏప్. ఇంక ఆలోచించకు అన్నా. వేశాక ఫోటో పెట్టు.

పాత ఎలిమినేటర్ | జయనగర్

బాబూ, జేసీ రోడ్డు ఎక్కడికీ పోదు. ముందు ఇంట్లో ఒక పని చెయ్యి.

నీ శ్రీమతినో రూమ్మేట్‌నో వెనక నిలబెట్టి బండి నిటారుగా పట్టుకోమను. నువ్వెక్కి కూర్చో, కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టు. కళ్లు మూసుకో. ఒకసారి భుజాలు చెవులదాకా ఎత్తి, వదిలెయ్. ఇప్పుడు బండి నడుపుతున్నట్టు చేతులు ముందుకు చాపు, హ్యాండిల్ ఎక్కడుందో వెతకొద్దు. రెండు పిడికిళ్లలో చెరొక జానెడు పీవీసీ పైపు ముక్క ఉంటే ఇంకా మంచిది, అవి ఏ వాలులో ఆగాయో కూడా తెలుస్తుంది. మూడో మనిషి టేపు పెట్టి మూడు కొలతలు తీయాలి: పిడికిలికీ పిడికిలికీ మధ్య ఎంత, సీటు నుంచి ఎత్తు ఎంత, ట్యాంకు మూత నుంచి వెనక్కో ముందుకో ఎంత. తర్వాత ఇవే కొలతలు ఇప్పుడున్న గ్రిప్‌లకు తియ్యి. రెండింటికీ ఉన్న తేడా చూస్తే నువ్వు కొనాల్సిన హ్యాండిల్ ఏదో తెలుస్తుంది. షాపువాడికి పేరు చెప్పకు, ఈ అంకెలు చెప్పు.

ఎందుకు చెబుతున్నానంటే మినీ ఏప్ అనే పేరుతో పది రకాల పైపులు అమ్ముతారు. చూడాల్సినవి మూడే. ఎత్తు, అంటే బిగించే చోటి నుంచి గ్రిప్ ఎంత పైకి లేచింది. వెనక్కి వాలు, అంటే గ్రిప్‌లు నీ వైపు ఎంత వచ్చాయి. వెడల్పు. డ్రాగ్ బార్‌కు ఎత్తు దాదాపు ఉండదు, వెనక్కి వాలూ తక్కువే. నీ ఎత్తుకి అది వేస్తే గోడకు చేతులు ఆనించి దండీలు తీస్తున్నట్టు ఉంటుంది. మినీ ఏప్‌కు ఎత్తు ఎక్కువ, వెనక్కి వచ్చేది ఒక్కోదానికి ఒక్కోలా. నీకు కావాల్సింది దగ్గరకు రావడమైతే పైకి లేపే పైపు కొని ఏం లాభం?

ఇంట్లో కూర్చుని తేడా తెలుసుకోవాలంటే బజాజ్ వాళ్లే మంచి పాఠం చెప్పారు. 2015లో అవెంజర్ 220ని స్ట్రీట్, క్రూజ్ అని రెండుగా వదిలారు. ఇంజను అదే, ఛాసిస్ అదే. స్ట్రీట్‌కు పొట్టి, చదును హ్యాండిల్. క్రూజ్‌కు పైకి లేచి వెనక్కి వచ్చే పొడుగు హ్యాండిల్. తెలిసినవాళ్ల దగ్గర రెండూ ఉంటే ఒకదాని మీద నుంచి దిగి ఇంకోదాని మీద కూర్చో. నీ వీపే చెబుతుంది.

హిందూపురం అక్క | యలహంక

నాది ఆ స్ట్రీటే. 2017 బండి. పైన పెద్దాయన చెప్పినట్టే నేనూ క్రూజ్ హ్యాండిల్ తెప్పించి వేసుకున్నాను, హిందూపురం రోడ్డు మీద నడుము పట్టేస్తోందని.

ఆ రోడ్డు మీద అయితే స్వర్గమే. వీపు నిటారుగా వచ్చింది, చేతులు ఒళ్లో పెట్టుకున్నట్టు. కానీ హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆ హ్యాండిల్‌తో నిలబడి చూడండి. రెండు క్యాబుల మధ్య బండి దూరుతుంది, హ్యాండిల్ దూరదు. గ్రిప్ చివరలు సరిగ్గా కారు అద్దాల ఎత్తులోకి వచ్చాయి. మొదటి నెలలో రెండు ఆటోలవాళ్లతోనూ ఒక ఇన్నోవాతోనూ మాటలు పడ్డాను. ఇన్నోవా ఆయన తెలుగాయనే, తిట్లు బాగా అర్థమయ్యాయి.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. వెనక్కి బాగా వచ్చిన హ్యాండిల్‌ను పూర్తిగా తిప్పితే లోపలి చేయి కడుపులోకి వస్తుంది, బయటి చేయి అందనంత దూరం పోతుంది. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ పార్కింగ్‌లో మలుపు తిప్పాలంటే ముందుకు వంగి గ్రిప్ వెంట పోవాల్సిందే. నాది 5 అడుగుల 2 అంగుళాలు. ఒకసారి క్లచ్ చేయి జారి బండి ఆగిపోయి పక్కకు ఒరిగింది. పడలేదు, స్తంభం ఉంది.

కాబట్టి మదనపల్లె తమ్ముడూ, నెలలో నాలుగు రోజుల హైవే కోసం మిగతా ఇరవై ఆరు రోజుల సిటీని మర్చిపోవద్దు.

పాత ఎలిమినేటర్

అక్కగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. గ్రిప్‌లు ముందు చక్రాన్ని పట్టి తిప్పే ఫోర్కు ఇరుసు నుంచి బాగా వెనక్కి వస్తే బండిని తిప్పుతున్నట్టు ఉండదు, నాగలి మేడి పట్టుకుని పక్కకు నెడుతున్నట్టు ఉంటుంది. దున్నినవాళ్లకి తెలుస్తుంది.

కేఆర్‌పురం కుర్రోడు

ఇక్కడ దున్నినవాళ్లు ఎవరున్నారు సార్, అందరం జావా కోడు దున్నేవాళ్లమే.

కాకినాడ చెన్నై | వేళచ్చేరి

మా చెన్నైలో ఉంటే పుదుపేట తీసుకెళ్లేవాణ్ని. అక్కడ పాత హ్యాండిల్స్ గుట్టలుగా ఉంటాయి, నీ బండి మీద పెట్టి చూసుకుని బేరమాడొచ్చు. కానీ ఒక జాగ్రత్త.

నేను అలాంటి చోటే ఒక పొడుగు హ్యాండిల్ చవగ్గా తెచ్చుకున్నాను. క్రోమ్ మెరిసిపోతోంది. మూడు నెలలు సముద్రం పక్కన పోయే ఈసీఆర్ రోడ్డు మీద మహాబలిపురం వరకూ తిప్పాను. ఒకరోజు బండి కడుగుతుంటే వంపు దగ్గర క్రోమ్ మీద వెంట్రుకంత సన్నగా ఒక తుప్పు గీత కనిపించింది. గోరుతో గీరితే పోలేదు. పైపు చుట్టూ సగం వరకూ ఉంది. ఎవరో పాత పైపుని కోసి, నడుమ ముక్క పెట్టి వెల్డింగ్ చేసి, మీద క్రోమ్ ఎక్కించారు. ఎనభైలో పోతుంటే విరిగి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోను.

అప్పటి నుంచీ నాది ఒకటే నియమం. హ్యాండిల్ ఒకే పైపు, వంచినది అయి ఉండాలి. అతుకు ఉంటే ఎంత చవకైనా వద్దు. వంపు లోపలివైపు ముడతలు పడి ఉన్నా వద్దు, అక్కడ పైపు బలం పోయి ఉంటుంది.

బొమ్మనహళ్లి బోల్టు | మెకానికల్ ఇంజినీరు, బండి పిచ్చి

నా వంతు. కొలతల గురించి పెద్దాయన చెప్పేశారు కాబట్టి బిగింపు గురించి చెబుతాను, జనం దెబ్బతినేది అక్కడే.

పైపు లావు ముందు. మన దగ్గర తిరిగే బండ్లలో ఎక్కువ వాటికి గ్రిప్ దగ్గర 22 మిల్లీమీటర్ల పైపు. హార్లేల సంప్రదాయం ఒక అంగుళం, అంటే 25.4. బయటి నుంచి తెప్పించే అందమైన హ్యాండిల్స్‌లో సగం హార్లే కొలతవే. అది కొంటే హ్యాండిల్‌ని బండికి బిగించే క్లాంపు పట్టదు, గ్రిప్ ఎక్కదు, స్విచ్చు బాక్సు మూయదు. క్లాంపులో పట్టలేదని రేకు ముక్క చుట్టి బిగించేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. లావు బార్ అని ఇంకో రకం ఉంది, క్లాంపు దగ్గర 28.6 ఉండి చివరలకు 22కి సన్నబడుతుంది. దానికి వేరే క్లాంపు కావాలి.

రెండోది స్విచ్చు బాక్సు లోపల ఉండే చిన్న మేకు. స్విచ్చు బాక్సు విప్పితే లోపల పైపులోని రంధ్రంలో కూర్చునే బుడిపె ఉంటుంది. కొత్త పైపులో ఆ రంధ్రం ఉండదు. సరైన చోట డ్రిల్ వేయాలి. ఓపిక లేనివాళ్లు ఏం చేస్తారంటే బుడిపెనే ఆకురాయితో రాసేస్తారు. నా తమ్ముడి బండికి ఒక షెడ్డులో అదే చేశారు. రెండు వారాల తర్వాత యాక్సిలరేటర్ తిప్పితే గ్రిప్‌తో పాటు మొత్తం స్విచ్చు బాక్సే తిరిగింది. తిరిగిన బాక్సు కేబుల్‌ని లాగి పట్టింది, చేయి వదిలినా రేజింగ్ తగ్గలేదు. సిగ్నల్ దగ్గర కాబట్టి కిల్ స్విచ్ నొక్కి బతికాడు.

మూడోది కేబుళ్లు. హ్యాండిల్ ఎంత లేస్తే క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుళ్లు, బ్రేక్ పైపు, వైరింగ్ అంత సాగాలి. సాగవు కదా. ఒక అంగుళం వరకూ చాలా బండ్లలో దారి మార్చి సర్దొచ్చు. మినీ ఏప్ అంటే అన్నీ కొత్తవే. ముందు బ్రేకు పైపు మార్చారంటే పైపు చివర బిగించే బాంజో బోల్టు రాగి వాషర్లు కొత్తవి వేయాలి, బ్రేకు పైపులో చేరిన గాలి తీయాలి, నీది ఏబీఎస్ బండి కాబట్టి ఆ పని చేతకానివాడి దగ్గర చేయించకు. బ్రేక్ ఆయిల్ ట్యాంకు మీద చుక్క పడినా పెయింటు లేచిపోతుంది. పాత దుప్పటి కప్పి, పక్కన నీళ్ల మగ్గు పెట్టుకోవాలి.

పని అయ్యాక పరీక్ష ఇది. బండి స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో ఉంచి హ్యాండిల్‌ని ఎడమ చివర నుంచి కుడి చివరకు మెల్లగా తిప్పు. ఇంజను శబ్దం వెంట్రుకవాసి కూడా మారకూడదు. తిప్పినప్పుడు రేజింగ్ పెరిగిందంటే కేబుల్ పొట్టిదైంది. అంటే రేపు యూ టర్న్ మధ్యలో బండి తనంతట తనే ముందుకు దూకుతుంది. చివరి మలుపులో బ్రేక్ పైపు తీగలా బిగుసుకోకూడదు, గ్రిప్ ట్యాంకుకి తగలకూడదు, మధ్యలో నీ బొటనవేలు ఇరుక్కోకూడదు.

మదనపల్లె మీటియర్

అందరికీ చాలా థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. బోల్టన్నా పోస్టు చదివాక టెన్షన్ మొదలైంది.

ఒక నిజం చెప్పాలి. మినీ ఏప్ గత వారమే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేశాను. నిన్న వచ్చింది. మీరంతా అదే బాగుంటుందని చెబుతారని ఇక్కడ అడిగాను.

కేఆర్‌పురం కుర్రోడు

నేను చెప్పాను కదా అన్నా, నన్ను లెక్కలో వేసుకో.

హిందూపురం అక్క

పెళ్లయ్యాక జాతకాలు చూపించినట్టుంది.

నరాల నాగమణి | ఫిజియోథెరపీ

హ్యాండిల్ సంగతి నాకు తెలియదు, మా ఆయన ఈ గుంపులో ఉన్నందుకు నేనూ చదువుతున్నాను. వేళ్ల గురించి మాత్రం చెబుతాను, అసలు ప్రశ్న అదే కదా.

ఏ వేలు తిమ్మిరెక్కిందన్నది చాలా ముఖ్యం. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు అయితే మణికట్టు మధ్యలోంచి పోయే మీడియన్ నరం. మణికట్టు పైకి వంగి ఉంటే అది నలుగుతుంది. మీరు చెప్పిన చిటికెన వేలు, పక్క వేలు అయితే అల్నార్ నరం. మోచేయి ఎక్కడైనా తగిలితే కరెంటు కొట్టినట్టు ఉంటుంది చూశారా, ఆ నరమే. అది రెండు చోట్ల నలుగుతుంది. మోచేయి ఎక్కువసేపు బాగా మడిచి ఉంచితే అక్కడ. అరచేతి కింద, చిటికెన వేలి వైపు ఉండే మెత్తటి దిండు మీద బరువు వేస్తే ఇక్కడ.

మీ చేతులు పొట్టి అంటున్నారు, హ్యాండిల్ అందుకోవడానికి చాచే ఉంటాయి కాబట్టి మోచేయి మడత కాదు. అరచేతి బయటి అంచు మీద బరువు పడుతోందనిపిస్తుంది. గ్రిప్ వాలు తేడాగా ఉంటే అలా జరగొచ్చు. మినీ ఏప్ వేస్తే చేతులు గుండె కంటే పైకి పోతాయి, రక్తం సరిగా ఎక్కదు, అప్పుడు అయిదు వేళ్లూ తిమ్మిరెక్కొచ్చు. ఒక గ్రిప్ ఫోటో పక్కనుంచి తీసి పెట్టండి, మీ చేయి పెట్టి.

బండి దిగాక పది నిమిషాల్లో పోతే సరే. రాత్రి పడుకున్నప్పుడు కూడా తిమ్మిరి ఉంటే, వస్తువులు చేతిలోంచి జారిపోతుంటే, డాక్టరుకి చూపించాలి. హ్యాండిల్ మారిస్తే తగ్గేది కాదది.

మదనపల్లె మీటియర్

రాత్రి ఏమీ లేదు మేడం. దిగి టీ తాగేలోపు పోతుంది. ఫోటో పెడుతున్నాను.

బొమ్మనహళ్లి బోల్టు

ఫోటో చూశాను. ఆగు, ఆగు. నీ బండి ఎప్పుడైనా పడిందా?

మదనపల్లె మీటియర్

ఎలా తెలిసింది అన్నా? ఏడాది కింద వానలో వర్తూరు దగ్గర గుంతలో జారింది. పెద్దగా ఏం కాలేదు. కుడి అద్దం, లివర్ మార్చారు. హ్యాండిల్ కొంచెం తిరిగిందని సర్ది బిగించారు.

బొమ్మనహళ్లి బోల్టు

తిమ్మిరి అంతకు ముందు ఉండేదా?

మదనపల్లె మీటియర్

... ఇప్పుడు ఆలోచిస్తే, లేదు. అప్పట్లో హార్స్‌లీ హిల్స్ కూడా పోయొచ్చాను, ఏమీ లేదు.

బొమ్మనహళ్లి బోల్టు

సరే. హ్యాండిల్ మధ్యలో క్లాంపు పక్కన పైపు మీద చిన్న పంచ్ చుక్కో గీతో ఉంటుంది. అది కింది క్లాంపు అంచుతో కలవాలి. టార్చి వేసి చూడు. నీ ఫోటోలో గ్రిప్ వాలు తేడాగా కనిపిస్తోంది. పడ్డాక బిగించినవాడు చుక్క చూడకుండా బిగించి ఉంటాడు. క్లాంపు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్లు తిరిగితే చాలు, పైపు వంపు వల్ల గ్రిప్ దగ్గరకొచ్చేసరికి వాలూ ఎత్తూ రెండూ మారిపోతాయి.

దాంతోపాటు లివర్లు కూడా. సీటు మీద కూర్చుని మోచేతి నుంచి వేళ్ల చివర దాకా ఒకే గీతలా చేయి చాపు. వేళ్లు లివర్ మీద నేరుగా పడాలి. లివర్ మరీ పైన ఉంటే మణికట్టు వెనక్కి విరుస్తావు. బిగింపు బోల్టులు కొంచెం వదులు చేసి తిప్పుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు. బ్రేక్ వైపు తిప్పేటప్పుడు ఆయిల్ డబ్బా మరీ ఒరగకుండా చూడు.

బిగించేటప్పుడు బోల్టు మీద ఎక్కి కూర్చోకు. ముందువైపు రెండు బోల్టులు మొదలా, నాలుగూ కొంచెం కొంచెంగానా అన్నది బండిని బట్టి ఉంటుంది, ఎంత బిగించాలన్నది కూడా. సర్వీస్ మాన్యువల్ చూసి, ఎంత బిగిసిందో చూపే టార్క్ పాన పెట్టు.

లా పాయింటు | శివాజీనగర్

హ్యాండిల్ మార్చే ముందు ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో 182ఏ వచ్చింది, యజమాని చేసిన ఒక్కో మార్పుకి 5000 రూపాయలు జరిమానా, లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ.

కేఆర్‌పురం కుర్రోడు

హ్యాండిల్‌కి జైలా? ఆర్‌సీలో హ్యాండిల్ కొలత ఎక్కడ రాసి ఉంది సార్?

లా పాయింటు

రాసి లేదు. ఆ వాదన నేను కోర్టులో చేయగలను. నువ్వు సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో ఎండలో నిలబడి చేయగలవా? అంగుళం రైజర్‌ని ఎవరూ గుర్తుపట్టరు. భుజాల పైకి లేచిన హ్యాండిల్‌ని రెండు సిగ్నళ్ల అవతల నుంచే గుర్తుపడతారు. అమెరికాలోనే కొన్ని రాష్ట్రాల్లో గ్రిప్‌లు భుజం ఎత్తు దాటకూడదని నియమం ఉంది. బండికి ఏమైనా అయి ఇన్సూరెన్సు దాకా పోతే సర్వేయరు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. ఇంతకంటే చెప్పను, ఫీజు అడగాల్సి వస్తుంది.

మదనపల్లె మీటియర్

ఆదివారం రిపోర్టు.

పొద్దున మా ఆవిడ బండి పట్టుకుంది, పక్కింటి తమిళాయన టేపు పట్టుకున్నారు. కళ్లు మూసుకుని పీవీసీ ముక్కలతో కూర్చున్నాను. వాచ్‌మన్ వచ్చి ఏం చేస్తున్నారని అడిగాడు. యోగా అని చెప్పాను.

లెక్క ఇది. నా పిడికిళ్ల మధ్య వెడల్పు దాదాపు సరిపోయింది. ఎత్తులో తేడా అర అంగుళం కూడా లేదు. వెనక్కి రావాల్సింది మాత్రం రెండు అంగుళాలకు కొంచెం తక్కువ. అంటే పెద్దాయన చెప్పిందే, నాకు ఎత్తు అక్కర్లేదు.

తర్వాత టార్చి. చుక్క కనిపించింది. క్లాంపు అంచు మీద లేదు, అంచుకు ముందువైపు మూడు మిల్లీమీటర్లు పోయి ఉంది. ఏడాదిగా రోజూ దాన్ని తుడుస్తూనే ఉన్నాను, ఒక్కసారి కూడా చూడలేదు. బోల్టన్నా చెప్పినట్టు వదులు చేసి చుక్కని అంచుకి తెచ్చి, మాన్యువల్ చూసి బిగించాను. టార్క్ పాన తమిళాయనదే, ఆయన దగ్గర లేని వస్తువు లేదు. లివర్లు రెండూ కొంచెం కిందికి తిప్పాను. మళ్లీ కొలిస్తే రెండు అంగుళాల తేడా ఒక అంగుళం చిల్లరకు దిగింది.

వచ్చే శనివారం ఊరికి పోయొచ్చి చెబుతాను.

పాత ఎలిమినేటర్

మంచి పని చేశావు. మిగిలిన ఆ అంగుళానికి ఇంకో హ్యాండిల్ కొనకు. సీటులో ఎక్కడ కూర్చుంటున్నావో చూసుకో. క్రూజర్ సీటు గుంతలో పొట్టివాళ్లు తెలియకుండా వెనక్కి జారుకుంటారు. నడుము వెనక ఏ ఆధారమూ లేక వీపు విల్లులా వంగుతుంది, భుజాలు ముందుకు వస్తాయి. నీ రెక్కల మధ్య గుంజుడు అదే. ఫుట్‌రెస్టులు ముందుకున్నాయి కాబట్టి కాళ్లతో లేచి సర్దుకోవడం కూడా కుదరదు. బరువంతా తోక ఎముక మీదే. నాకు నా పాత ఎలిమినేటర్ బండి మీద ఇరవై ఏళ్ల కింద ఇదే తిప్పలు. హ్యాండిల్ మార్చాను, మళ్లీ మార్చాను, చివరికి సీటు వెనక భాగంలో ఫోము పెంచితే తగ్గింది. మార్చిన రెండు హ్యాండిల్స్ అటక మీద ఉన్నాయి.

కాకినాడ చెన్నై

అందరి అటకల మీదా ఉంటాయి సార్.

మదనపల్లె మీటియర్

పోయొచ్చాను.

ఈసారి చింతామణి దగ్గర టీ గ్లాసు వేడి అయిదు వేళ్లకీ తెలిసింది. ఊరు ఇంకో ఇరవై కిలోమీటర్లు ఉందనగా చిటికెన వేలు మాత్రం చివర కొంచెం మొద్దుబారినట్టైంది. దిగగానే పోయింది. గ్రిప్‌ని గట్టిగా నొక్కిపట్టడం నా అలవాటు, ముఖ్యంగా లారీలను దాటేటప్పుడు. గుర్తొచ్చినప్పుడల్లా పట్టు వదులు చేశాను.

రెక్కల మధ్య గుంజుడు తగ్గింది కానీ పోలేదు. తిరుగు ప్రయాణంలో తువ్వాలు మడిచి నడుము వెనక పెట్టుకున్నాను. శ్రీనివాసపురం కూడలి దాకా బాగుంది, అక్కడ ఎగిరిపోయింది. ఇప్పుడు సీటువాళ్లని వెతుకుతున్నాను. వెనక్కి ఒక అంగుళం తెచ్చే రైజర్లు కూడా చూస్తున్నాను.

బొమ్మనహళ్లి బోల్టు

రైజర్ కొనేటప్పుడు ఒకటి చూడు. నేరుగా పైకి లేపేవి వేరు, వెనక్కి వంచి ఇచ్చేవి వేరు. ఫోర్కు వాలి ఉంటుంది కాబట్టి నేరుగా లేపేవి కూడా కొంచెం వెనక్కి తెస్తాయి, కానీ నీకు కావాల్సినంత కాదు. సీటు పని ముందు చేయించు, తర్వాత మళ్లీ కొలుచుకో. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. బోల్టులు ఆ పొడవుకి తగ్గవి సెట్టుతో వచ్చాయో లేదో చూడు. పాత బోల్టు నాలుగు చుట్లు పట్టిందని సంబరపడకు.

నరాల నాగమణి

నలభై నిమిషాలకు ఒకసారి ఆగండి. ఏ హ్యాండిల్ అయినా.

కోరమంగళ క్రూజర్ | కొత్త సభ్యుడు

మొత్తం చదివాను. నాది అవెంజర్ 220 స్ట్రీట్, నా ఎత్తు 6 అడుగులు. నాకు సమస్య తిరగబడి ఉంది, మోకాళ్లూ మోచేతులూ కలుస్తున్నాయి. మదనపల్లె అన్నా, ఆ మినీ ఏప్ ఇంకా ఉందా? అమ్ముతారా?

మదనపల్లె మీటియర్

ఉంది బ్రదర్. రిటర్న్ గడువు అయిపోయింది. బాల్కనీలో రెండు తాళ్లకి కట్టాం, మా ఆవిడ దాని మీద లంగా ఓణీలు ఆరేస్తోంది. చాలా బాగా పనికొస్తోందంటోంది, ఒప్పించాలి.

హిందూపురం అక్క

క్రూజర్ తమ్ముడూ, కొనే ముందు వెడల్పు అడుగు. నాలాగా ఇన్నోవావాళ్లతో తిట్లు తినకు.

మదనపల్లె మీటియర్

ఇప్పుడే కొలిచాను అక్కా, చివర నుంచి చివరకు 32 అంగుళాలు. పైపు లావు 22 మిల్లీమీటర్లు, వంపుల్లో ముడతలు లేవు, అతుకు లేదు. స్విచ్చు రంధ్రాలు వేయలేదు.

బ్రదర్, డబ్బులు తర్వాత. ఆదివారం పొద్దున బండి వేసుకుని మా ఇంటికి రండి. పీవీసీ ముక్కలున్నాయి, టేపుంది. తమిళాయనకి ముందే చెప్పి ఉంచుతాను. బట్టలు తీశాక మీ బండి మీద పెట్టి చూద్దాం.